ఇంట్లో కట్టిన ఫ్లాంజర్ పెడల్‌లో నాయిస్ వస్తోందా? చిప్ మార్చే ముందు ఇవి చెక్ చేయండి

గిటార్ పెడల్స్‌లో సొంతంగా కట్టుకోవడానికి డిస్టార్షన్ చాలా ఈజీ. రెండు ట్రాన్సిస్టర్లు, రెండు డయోడ్లు, ఒక సాయంత్రం చాలు. ఫ్లాంజర్ అలా కాదు. ఆడియో, క్లాక్, ఎల్‌ఎఫ్‌ఓ అనే మూడు వేర్వేరు సర్క్యూట్లు ఒకే చిన్న డబ్బాలో, ఒకే 9 వోల్టుల సప్లై మీద కాపురం చేస్తుంటాయి. అందుకే ఆన్ చేసిన మొదటి రోజే జెట్ విమానం సౌండ్‌తో పాటు టక్ టక్, కీచు, గుయ్ లాంటివి కూడా బోనస్‌గా వస్తాయి.

అప్పుడు చాలామంది చేసే మొదటి పని, డిలే చిప్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టడం. పెడల్ మొత్తంలో ఖరీదైన పార్ట్ అదే. బందరులోనో గుడివాడలోనో రేడియో, టీవీ రిపేర్ షాపులో అడిగితే దొరికే సరుకు కాదు. ఆన్‌లైన్‌లో తెప్పించాలి, లేదా హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట వెతకాలి. వచ్చాక మారిస్తే, నాయిస్ ఎప్పటిలాగే ఉంటుంది. ఎందుకంటే ఎక్కువసార్లు తప్పు ఆ చిప్‌ది కాదు.

నాయిస్ అంతా ఒకటే కాదు. ఒక్కో రకానికి ఒక్కో సౌండ్, ఒక్కో కారణం ఉంటుంది. చెవి, పెడల్ మీద ఉన్న నాబ్‌లు, చేతిలో ఉన్న ఫోన్, ఈ మూడింటితోనే చాలావరకు పట్టేయొచ్చు. ఇంకో మాట ముందే చెప్పాలి. ఇందులో ఒక రకం నాయిస్ సౌండ్ క్వాలిటీకి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. కింద హమ్ గురించి ఉన్న భాగాన్ని మాత్రం స్కిప్ చేయకండి.

ఫ్లాంజర్ లోపల ఏం జరుగుతుంది?

గిటార్ సిగ్నల్‌ని రెండుగా చేసి, ఒకదాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసి మళ్లీ మొదటిదానితో కలుపుతారు. ఆలస్యం 1 మిల్లీసెకన్ అనుకోండి. 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర రెండు సిగ్నల్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ సౌండ్‌లో గుంటలు పడతాయి. ఆలస్యాన్ని నెమ్మదిగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటే ఆ గుంటలు పైకీ కిందకీ జరుగుతాయి. మనకి వినిపించే జెట్ సౌండ్ అదే. 1960ల్లో స్టూడియోల్లో దీన్ని రెండు టేప్ మెషీన్లతో చేసేవారు. టేప్ చక్రం అంచుని ఫ్లాంజ్ అంటారు. దాని మీద వేలు ఆనించి స్పీడ్ తగ్గించేవారు, పేరు అలా వచ్చింది.

పెడల్‌లో ఈ ఆలస్యం చేసేది బకెట్ బ్రిగేడ్ చిప్, షార్ట్‌గా బీబీడీ. 1969లో ఫిలిప్స్ కంపెనీలో ఈ ఐడియా పుట్టింది. ఇల్లు అంటుకుంటే చెరువు దాకా జనం వరసగా నిలబడి బిందెలు ఒకరి చేతి నుంచి ఒకరికి అందించుకుంటారు కదా, సరిగ్గా అదే పద్ధతి. నీళ్ల బదులు చార్జ్, మనుషుల బదులు కెపాసిటర్లు. "ఊఁ, అందించు" అని తాళం వేసేది క్లాక్. ఆ తాళం స్పీడ్‌ని పెంచి తగ్గించేది ఎల్‌ఎఫ్‌ఓ.

ఇళ్లలో కట్టే పెడల్స్‌లో ఎక్కువగా కనిపించే చిప్ ఎంఎన్3207, దానికి జోడీ క్లాక్ ఎంఎన్3102. ఇప్పుడు కూల్ ఆడియో కంపెనీ వీటినే వి3207, వి3102 పేర్లతో తయారు చేస్తోంది. 3207లో 1024 మెట్లున్నాయి. ఆలస్యం లెక్క సింపుల్: 512ని క్లాక్ ఫ్రీక్వెన్సీతో భాగించాలి. క్లాక్ 100 కిలోహెర్ట్జ్ అయితే 5.12 మిల్లీసెకన్లు, 40 కిలోహెర్ట్జ్ అయితే 12.8 మిల్లీసెకన్లు. ఈ లెక్కతో కింద పని ఉంది.

ముందు ఐదు నిమిషాల టెస్ట్

సోల్డరింగ్ ఐరన్ వేడి చేయక ముందే, ఇదే వరసలో చేయండి.

1. పెడల్ తీసేసి గిటార్‌ని నేరుగా యాంప్‌కి కలపండి. నాయిస్ ఇంకా ఉంటే పెడల్‌ది తప్పు కాదు. గిటార్, కేబుల్, యాంప్, కరెంట్, వీటిలో ఏదో ఒకటి.
2. పెడల్‌ని మధ్యలో పెట్టి ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉంచండి. మీది ట్రూ బైపాస్ స్విచ్ అయి, ఆఫ్‌లో కూడా నాయిస్ వస్తుంటే జాక్‌లు, స్విచ్, గ్రౌండ్ వైరింగ్ చూడాలి.
3. అడాప్టర్ తీసేసి కొత్త 9 వోల్టుల బ్యాటరీ పెట్టండి. నాయిస్ పోయిందా? అయితే దొంగ దొరికినట్టే, అడాప్టర్.
4. గిటార్ తీసేసి, టిప్, స్లీవ్ రెండూ కలిపి సోల్డర్ చేసిన ఒక ఖాళీ జాక్‌ని ఇన్‌పుట్‌లో పెట్టండి. నాయిస్ పోతే అది బయటి నుంచి, అంటే గిటార్ పికప్ నుంచో కేబుల్ నుంచో వస్తోంది. ఉంటే పెడల్ లోపలే పుడుతోంది.

ఏ నాబ్ తిప్పితే మారుతోంది?

నాయిస్ లోపలే పుడుతోందని తేలాక నాబ్‌లే సాక్షులు. ఒక్కోటి తిప్పి వినండి.

- రేట్ నాబ్ తిప్పితే టక్ టక్ స్పీడ్ మారుతోంది: ఎల్‌ఎఫ్‌ఓ.
- మాన్యువల్ లేదా డెప్త్ తిప్పితే కీచు శబ్దం శ్రుతి పైకీ కిందకీ జారుతోంది: క్లాక్.
- రీజెన్ పెంచితే హిస్ పెరుగుతోంది, లేదా ఊళ పెడుతోంది: బీబీడీ, ఫీడ్‌బ్యాక్ దారి.
- ఏది తిప్పినా తేడా లేదు: సప్లై, గ్రౌండ్, షీల్డింగ్.

ఇప్పుడు ఒక్కోదాని సంగతి చూద్దాం.

టక్ టక్: ఎల్‌ఎఫ్‌ఓ

ఇంట్లో కట్టిన ఫ్లాంజర్, కోరస్, ట్రెమొలో అన్నింటికీ ఉన్న రోగం ఇది. ఎల్‌ఎఫ్‌ఓలో సాధారణంగా రెండు ఆప్-యాంప్‌లు ఉంటాయి. ఒకటి మెల్లగా ఎక్కి దిగే ట్రయాంగిల్ వేవ్ ఇస్తుంది. రెండోది కొనకి చేరగానే టక్కున స్విచ్ అవుతుంది. అలా స్విచ్ అయిన ప్రతిసారీ సప్లై లైన్ నుంచి, గ్రౌండ్ నుంచి ఒక్కసారిగా కరెంట్ లాగుతుంది. ఆ లైనే ఆడియోకి కూడా వెళ్తే, ఆ కుదుపు మనకి టక్ అని వినిపిస్తుంది.

మందులు, ఈజీ నుంచి కష్టం వరసలో:

- ఎల్‌ఎఫ్‌ఓలో టీఎల్072 ఉంటే దాని బదులు టీఎల్062 పెట్టండి. పిన్‌లు ఒకటే. 072లో ఒక్కో యాంప్ సుమారు 1.4 మిల్లీయాంప్ తాగితే, 062లో 0.2 మిల్లీయాంప్ తాగుతుంది. కుదుపు కూడా ఆ మేరకు తగ్గుతుంది.
- ఎల్‌ఎఫ్‌ఓకి వెళ్లే సప్లైలో 100 ఓమ్స్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేయండి. ఖర్చు కొన్ని రూపాయలే, తేడా మాత్రం బాగా తెలుస్తుంది.
- ఎల్‌ఎఫ్‌ఓ గ్రౌండ్‌ని ఆడియో గ్రౌండ్ వైరు మీద నుంచి తీసుకెళ్లకండి. సప్లై జాక్ దగ్గరున్న ఒకే పాయింట్‌కి రెండింటినీ విడివిడిగా తెచ్చి కలపండి.
- రేట్‌తో పాటు మెరిసే ఎల్‌ఈడీ పెట్టుకున్నారా? ఒకసారి దాన్ని పీకేసి వినండి. చాలా పెడల్స్‌లో టక్ టక్ సగం దానిదే.

డాట్ బోర్డ్ మీద కట్టేటప్పుడు చోటు లేక రేట్ పాట్ వైర్లని ఇన్‌పుట్ జాక్ వైరుతో కలిపి మెలివేస్తుంటారు. నీట్‌గా కనిపిస్తుంది గానీ, స్విచ్ అయ్యే వేవ్‌ని చేతులారా ఇన్‌పుట్‌కి అందించినట్టు అవుతుంది. రెండింటినీ దూరంగా జరిపితే చాలాసార్లు పని అయిపోతుంది.

కీచు: క్లాక్

మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వింటుంది. క్లాక్ దానికి పైనే ఉంటే గొడవ లేదు. కానీ క్లాక్ ఆగి ఒకచోట ఉండదు, ఎల్‌ఎఫ్‌ఓ దాన్ని ఊపుతూ ఉంటుంది. డెప్త్ ఫుల్‌గా పెట్టినప్పుడు కింది కొన 15 కిలోహెర్ట్జ్ దాకా దిగితే సన్నగా విజిల్ వినిపిస్తుంది, మళ్లీ పైకి వెళ్లి మాయమవుతుంది.

పై లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఫ్లాంజర్‌కి 13 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ ఆలస్యంతో పెద్దగా అవసరం లేదు. అంటే క్లాక్ సుమారు 40 కిలోహెర్ట్జ్ కంటే కిందకి రానక్కర్లేదు. కొన్ని మల్టీమీటర్లలో ఫ్రీక్వెన్సీ మోడ్ ఉంటుంది. రేట్‌ని బాగా తగ్గించి క్లాక్ పిన్ దగ్గర కింది కొన చూసి, క్లాక్ ప్రీసెట్‌ని తిప్పి 40 దగ్గర ఆపండి. ఫ్రీక్వెన్సీ మోడ్ లేకపోతే, విజిల్ పూర్తిగా పోయేదాకా తిప్పి, ఇంకొంచెం తిప్పండి.

అయినా కీచుమంటుంటే రెండు చోట్ల చూడండి. ఒకటి, 3207కి 7, 8 నంబర్ పిన్‌లుగా రెండు అవుట్‌పుట్‌లు ఉంటాయి. వాటిని కలిపినప్పుడు క్లాక్ శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. కొన్ని డిజైన్లలో అక్కడ బ్యాలెన్స్ ప్రీసెట్ ఉంటుంది. కీచు బాగా తగ్గే చోట దాన్ని ఆపాలి. రెండు, చిప్ తర్వాత ఉండే లో పాస్ ఫిల్టర్. అందులో ఒక్క కెపాసిటర్ విలువ తప్పు పడినా క్లాక్ నేరుగా బయటికి వచ్చేస్తుంది. 102 అని రాసి ఉంటే 1 నానోఫారడ్, 103 అంటే 10 నానోఫారడ్. ఈ రెండూ తారుమారు కావడం మామూలే.

కోరస్ పెడల్ కూడా అదే అడాప్టర్ మీద ఉందా? రెండు క్లాక్‌లు సప్లై లైన్‌లో కలిసి, వాటి తేడా ఫ్రీక్వెన్సీ పిచ్చుకల కిచకిచలా వినిపిస్తుంది. విడిగా ఏ పెడల్‌లోనూ తప్పుండదు. దేని అడాప్టర్ దానికి ఇస్తే సరి.

హిస్, ఊళ

కొంచెం హిస్ బీబీడీకి పుట్టుకతోనే ఉంటుంది. కంపెనీ పెడల్స్‌లో కూడా ఉంటుంది, దాన్ని సున్నా చేయాలని చూడకండి. మరీ ఎక్కువగా ఉంటే, చిప్‌లోకి వెళ్లే సిగ్నల్ చిన్నదై ఉండొచ్చు. చిప్ ముందు సరిగ్గా పెంచి, తర్వాత తగ్గిస్తే హిస్ వెనక్కి పోతుంది. రీజెన్ ఫుల్‌లో ఊళ పెడుతుంటే ఫీడ్‌బ్యాక్ మరీ ఎక్కువైందని అర్థం. ఆ ప్రీసెట్‌ని ఊళ ఆగే చోటుకి కాస్త వెనక్కి తిప్పి ఉంచండి.

సౌండ్ పగిలినట్టు, గరగరలాడినట్టు వస్తే అది నాయిస్ కాదు, బయాస్ తప్పు. కొంచెం గట్టిగా వాయిస్తూ బయాస్ ప్రీసెట్‌ని నెమ్మదిగా తిప్పండి. క్లీన్‌గా వినిపించే ఇరుకు చోటు ఒకటి దొరుకుతుంది.

హమ్: ఇది జాగ్రత్తగా చదవండి

మన కరెంట్ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. గుయ్‌మనే హమ్ 50 హెర్ట్జ్ దగ్గర ఉంటే షీల్డ్ లేని వైరు, సింగిల్ కాయిల్ పికప్, లేదా గ్రౌండ్ లూప్ కావొచ్చు. 100 హెర్ట్జ్ దగ్గర ఉంటే పాత ట్రాన్స్‌ఫార్మర్ టైప్ బ్యాటరీ ఎలిమినేటర్‌లో ఫిల్టర్ సరిపోవడం లేదని అర్థం. బర్‌ర్‌మని కరుగ్గా ఉంటే చుట్టూ చూడండి. తిప్పే పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ బల్బు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, వీటిని ఒక్కోటిగా ఆపి వినండి. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీదకి వచ్చినప్పుడే నాయిస్ వస్తుంటే పెడల్ విప్పే పనే లేదు.

ఇప్పుడు అసలు విషయం. తీగల మీద చెయ్యి పెడితే హమ్ కొంచెం తగ్గడం మామూలే. కానీ తీగలు ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే, మైక్ దగ్గరికి వెళ్తే పెదవికి చురుక్కుమంటే, అది పెడల్ సమస్య కానే కాదు. యాంప్‌కో మిక్సర్‌కో ఎర్త్ లేదు, లేదా లోపల లీకేజీ ఉంది. వెంటనే వాయించడం ఆపి, మెయిన్ స్విచ్ ఆపించాలి.

1972 మే 3న స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ వేల్స్‌లోని స్వాన్సీలో స్టేజి మీదే చనిపోయాడు. సరిగ్గా ఎర్త్ లేని మైక్‌ని ముట్టుకోవడమే కారణం. ఒక చేతిలో గిటార్, ఎదురుగా మైక్. ఆదివారం చర్చిలో, క్రిస్మస్ ప్రోగ్రాంలో, కాలేజీ ఫెస్ట్‌లో మనవాళ్లు నిలబడేది కూడా సరిగ్గా అలాగే.

మన ఊళ్లలో రిస్క్ ఎక్కడుందంటే, మైక్ సెట్ వాళ్లు తెచ్చే రెండు పిన్‌ల ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో, ఎర్త్ కడ్డీ దించకుండా నడిపే జనరేటర్లలో, హమ్ తగ్గుతుందని ఎవరో విరిచేసిన మూడో పిన్‌లో. ఎర్త్ పిన్ తీసేస్తే గ్రౌండ్ లూప్ హమ్ నిజంగానే తగ్గుతుంది. అందుకే ఆ సలహా అంత ఈజీగా పాకుతుంది. కానీ అది శబ్దాన్ని ఆపి ప్రమాదాన్ని వదిలేయడం. లూప్‌ని తీయాలంటే పరికరాలన్నీ ఒకే ఎర్త్ ఉన్న బోర్డుకి పెట్టండి, లేదా సిగ్నల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ వాడండి.

దివిసీమ వైపు ఇంకో తిరకాసు ఉంది. నాగాయలంక, కోడూరు లాంటి చోట్ల సముద్రం దగ్గర, నేలలో ఉప్పు, తడి రెండూ ఉంటాయి. తడి ఉప్పు నేలలో ఎర్త్ బాగా అందుతుంది. కానీ అదే ఉప్పు నేలలో దించిన ఇనుప పైపునీ, దాని క్లాంపునీ తినేస్తుంది. పైకి వైరు కనిపిస్తుంది, కింద పైపు ఉండదు. హాల్‌లోనో చర్చిలోనో రెగ్యులర్‌గా వాయిస్తుంటే, ఎలక్ట్రీషియన్‌తో ఏడాదికోసారి ఎర్త్ టెస్ట్ చేయించండి, 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఏ పెడల్ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

పరపర, చిటపట: ఉప్పు గాలి

కట్టిన కొత్తలో బాగానే ఉండి, కొన్ని నెలలకి కదిపితే చిటపటలాడుతుంటే కాంటాక్ట్‌లు చూడండి. బందరు గాలికి జాక్‌లకీ బ్యాటరీ క్లిప్‌కీ చిలుము పట్టడం తొందరగానే జరుగుతుంది. గోల్డ్ ప్లేటెడ్ అని అమ్మే చవక జాక్‌లని నమ్ముకోవద్దు. చిలకలపూడి రోల్డ్ గోల్డ్ తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, పూత ఎంత మందం ఉందన్నదే అసలు ప్రశ్న. జాక్ పదే పదే పెట్టి తీస్తే పల్చటి పూత పోయి కింది లోహం బయటపడుతుంది.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, జాక్‌ని పదిసార్లు పెట్టి తీయండి. బోర్డు మీద సోల్డరింగ్ ఫ్లక్స్ జిగురు మిగిలిపోతే అది తేమని పీల్చుకుంటుంది. గిటార్ ఇన్‌పుట్ దగ్గర 1 మెగా ఓమ్ లాంటి పెద్ద రెసిస్టర్లు ఉంటాయి కాబట్టి ఆ కొద్ది లీకేజీ కూడా హిస్, చిటపటగా వినిపిస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్‌తో రుద్ది బాగా ఆరనివ్వండి. తర్వాత పెడల్ దాచే డబ్బాలో రెండు సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి.

ఫోన్‌తో ఎలా పట్టుకోవాలి?

ఆండ్రాయిడ్‌లో స్పెక్ట్రాయిడ్ లాంటి ఫ్రీ స్పెక్ట్రమ్ యాప్ వేసుకోండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి యాంప్ ముందు ఉంచండి. 50 దగ్గర గీత, 100 దగ్గర గీత వేర్వేరుగా కనిపిస్తాయి. చిన్న స్పీకర్లు 50ని సరిగ్గా పలకవు, కాబట్టి 150, 250 దగ్గర కూడా చూడండి. పైన 15 కిలోహెర్ట్జ్ దగ్గర అలలా ఊగే గీత ఉంటే అది క్లాక్. వయసుతో పాటు చెవికి ఆ రేంజ్ వినపడటం తగ్గుతుంది, ఫోన్‌కి కనిపిస్తుంది.

ఏరోప్లేన్ మోడ్ ఎందుకంటే, 2జీ సిగ్నల్ మీద ఉన్న ఫోన్ సెకనుకి సుమారు 217 సార్లు రేడియో పల్స్ పంపుతుంది. కాల్ వచ్చే ముందు స్పీకర్లో వచ్చే డిట్ డిట్ డిట్ అదే. పెడల్‌ని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బిగించి ఉంటే ఇది నేరుగా లోపలికి వస్తుంది. అల్యూమినియం డబ్బాకి మార్చి, డబ్బాని గ్రౌండ్‌కి కలపండి.

ఇంకో మంచి పనిముట్టు ఆడియో ప్రోబ్. పాత గిటార్ కేబుల్ ఒక చివర కోసి, మధ్య వైరుకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. బయటి అల్లికని పెడల్ గ్రౌండ్‌కి క్లిప్ చేయండి. రెండో చివరని యాంప్‌కి పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించి, కెపాసిటర్ కాలుతో సర్క్యూట్‌లో ఒక్కో పాయింట్ ముట్టుకుంటూ వెళ్లండి. ఇన్‌పుట్ బఫర్ దగ్గర క్లీన్, 3207 మూడో పిన్ దగ్గర క్లీన్, ఫిల్టర్ తర్వాత కీచు. అంటే తప్పు ఆ రెండింటి మధ్యే ఉంది. ఇది 9 వోల్టుల పెడల్ లోపల మాత్రమే. యాంప్ లోపల, అడాప్టర్ లోపల ఎప్పుడూ వాడకండి.

మరి చిప్ ఎప్పుడు మార్చాలి?

మూడో పిన్‌లో సిగ్నల్ క్లీన్‌గా వెళ్తోంది, క్లాక్ పిన్‌ల దగ్గర క్లాక్ ఉంది, సప్లై సరిగ్గా ఉంది, బయాస్ మొత్తం తిప్పి చూశారు, అయినా 7, 8 పిన్‌ల దగ్గర సిగ్నల్ రావడం లేదు లేదా ఒట్టి హిస్ మాత్రమే వస్తోంది. అప్పుడు మార్చండి. ఎంఎన్3007ని 3207 సాకెట్‌లో పెట్టకండి. రెండింటి సప్లై దిశ వేరు, 3007కి జోడీ ఎంఎన్3101. కొత్త చిప్‌కి 8 పిన్‌ల ఐసీ బేస్ తప్పకుండా వేయండి, మళ్లీ డౌట్ వస్తే డీసోల్డర్ చేసే పని ఉండదు.

ఒక్క చూపులో

బ్యాటరీతో టెస్ట్, షార్ట్ జాక్‌తో టెస్ట్, తర్వాత నాబ్‌లు, తర్వాత ప్రోబ్. టక్ టక్ అయితే 062, 100 ఓమ్స్, 100 మైక్రోఫారడ్. కీచు అయితే 40 కిలోహెర్ట్జ్, ఫిల్టర్. చిటపట అయితే ఆల్కహాల్, బ్రష్. చేతికి జిల్లుమంటే మెయిన్ ఆఫ్, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్. చిప్ ఆర్డర్ ఈ లిస్టులో అన్నింటికన్నా చివర.